మీ బాపును తోలుకరా

ఇది రిటైరైనవాళ్లు రాయవలసిన వ్యాసం. నాకు ఇంకా నలభై నిండలేదు. అయినా పాఠాలు చెప్పే పని వరకు నేను దిగిపోయినవాణ్ణే. బొగ్గు బాయిల దగ్గర రిటైర్ కావడాన్ని దిగిపోవడం అంటారు. గోదావరిఖనికీ పెద్దపల్లికీ మధ్య రోడ్డు పక్కన ఒక ప్రైవేటు డిప్లొమా కాలేజీ ఉండేది. అందులో ఎలక్ట్రికల్ లెక్చరర్‌గా చేరాను. తెలంగాణ వచ్చిన ఏడాదే అది మూతపడింది. ఇప్పుడు జ్యోతినగర్ దగ్గర మోటార్లు రీవైండింగ్ చేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను.

మొన్న రజిత వచ్చింది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి. కరీంనగర్‌లో లెక్చరర్ ఉద్యోగం దొరికిందట.

"సిలబస్ నాకు వచ్చు సార్. సిలబస్‌ల లేనిది చెప్పుండ్రి" అంది.

బల్ల మీద మోటారు విప్పి ఉంది, నా చేతులకు వార్నిష్ అంటుకుని ఉంది. రాసి పంపుతానన్నాను. ఇంటికి వెళ్లి రాయడం మొదలుపెట్టాను. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, తనిఖీ ఫైళ్లు ఇందులో ఉండవు. అవి ఏ కాలేజీలోనైనా ఒకటే. మా కాలేజీలో మాత్రమే జరిగినవి రాస్తాను.

ముందుగా మాటలు

నేను పెద్దపల్లిలో పెరిగాను. మా నాన్న బట్టల దుకాణంలో గుమాస్తా. బాయిల గురించి విన్నానే గాని బాయి మనుషులతో మసలలేదు. కాలేజీలో చేరిన మొదటి వారం హాజరు పిలుస్తుంటే ఒక అబ్బాయి లేచాడు.

"సార్, నిన్న నేను నాగా కాదు. లేటుగ వచ్చిన. నా మస్టర్ ఎయ్యుండ్రి."

నాకు అర్థం కాలేదని వాళ్లకు అర్థమైంది. వెనక బెంచీ నుంచి ఒకడు నా పక్షాన మాట్లాడాడు. "సారు కొత్తగ దిగిండురా. నిమ్మలంగ చెప్పుండ్రి. మస్టర్ అంటే హాజరు సార్, నాగా అంటే రాకపోవుడు."

ఆ రోజు నుంచి నేను కూడా చదువుకోవడం మొదలుపెట్టాను. మొదటి పీరియడ్ ఫస్టు షిఫ్టు. మధ్యాహ్నం ల్యాబు సెకండ్ షిఫ్టు. తప్పిన సబ్జెక్టు టబ్బు. బాయిలో బొగ్గు నింపే ఇనుప బండిని అలాగే అంటారు. "ఎన్ని మిగిలినయిరా?" అని సీనియర్ అడిగితే, "రెండు టబ్బులన్నా. గణితం ఒకటి, మెషీన్స్ ఒకటి" అని జవాబు. సప్లిమెంటరీ పరీక్ష ప్లే డే, ఎందుకంటే సెలవునాడు దిగే డ్యూటీకి బాయిలో ఆ పేరు. బాయిలో పని పురమాయించే ఓవర్‌మన్ పేరు హెచ్ఓడీకి, మేనేజరు పేరు ప్రిన్సిపాల్‌కు. హాజరు చాలనివాడు సర్టిఫికెట్లు పట్టుకుని కండోనేషన్ కోసం, అంటే హాజరు లోటు మాఫీ కోసం, తిరుగుతుంటే "ఆడు మెడికల్ బోర్డుకు పోయిండు" అనేవాళ్లు. జబ్బుపడ్డ కార్మికుడు బాయి పనికి తగునో లేదో తేల్చేది ఆ బోర్డే. ఫేర్‌వెల్ పార్టీకైతే మరో పేరే లేదు, దిగిపోవుడు దావత్.

జ్యోతినగర్ నుంచి పవర్ ప్లాంటు ఇంజినీర్ల పిల్లలు కొందరు వచ్చేవాళ్లు. వాళ్లు బంక్ కొట్టేవాళ్లు, బాయి కార్మికుల పిల్లలు నాగా పెట్టేవాళ్లు. చేసే పని ఒకటే, సినిమా హాలూ ఒకటే. ప్రతి ఏడాదీ దీపావళి వచ్చేసరికి అందరూ నాగాయే పెట్టేవాళ్లు. బంక్ ఓడిపోయేది.

కొత్తగా చేరిన లెక్చరర్లకు ఈ మాటలు దిద్దాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. సరైన మాటలు ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాను కూడా. వారంలో ఆ చార్టు వెనక వైపు ఎవరో క్రికెట్ జట్టు పేర్లు రాసుకున్నారు. ఇప్పుడైతే చార్టు అంటించను. పిల్లవాడు తన ఇంటి మాటలు కాలేజీకి తెచ్చుకున్నాడంటే కాలేజీ కూడా తనదేనని అనుకుంటున్నాడు. అలా అనుకోనివాడు ఏ మాటా తేడు, మౌనంగా కూర్చుని వెళ్లిపోతాడు. నేను భయపడింది అలాంటివాళ్లను చూసే.

మా ఓవర్‌మన్

మా హెచ్ఓడీ విశ్వనాథం గారు గుంటూరు వైపు మనిషి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో రిటైరై మా దగ్గరికి వచ్చారు. ఒక్కరే గదిలో ఉండేవారు. మూడు రంగుల సుద్దలతో బోర్డు మీద ఆర్మేచర్ వైండింగ్ గీస్తుంటే పక్క బ్రాంచి పిల్లలు కిటికీల దగ్గర నిలబడేవాళ్లు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. రజితకు పనికొచ్చేవి మూడు. ల్యాబులో చేయించబోయే ప్రయోగాన్ని ముందురోజు నువ్వు చేసి చూడకుండా పిల్లల ముందుకు వెళ్లకు. వైవాలో నీకు ఎంత తెలుసో చూపించే ప్రశ్న అడగకు. హాజరు నంబర్లతో పిలవకు, పేర్లతో పిలువు. మూడోది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నన్నడిగితే మొదటి రెండిటికంటే అదే పెద్దది. నంబరుకు ఎవడైనా పలకగలడు. పేరు పిలిచినప్పుడు నువ్వు తలెత్తి చూడక తప్పదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో బంద్‌లు వరుసగా వచ్చేవి. పిల్లలు చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లు. కాలేజీ మూయించడానికి వచ్చిన గుంపు విశ్వనాథం గారి గది ముందు నినాదాలు ఆపేసి, "సార్, మీరు కూసోండ్రి. గేటు మేం ఏసుకుంటం" అనేది. ఆ రోజుల హాజరు ఏం చేయాలని నేను అడిగితే ఆయన ఒక్క మాట అన్నారు.

"ఊరంతా ఆగిపోయిన రోజు కుర్రాడొక్కడు రాలేదని రాస్తే అది అబద్ధమయ్యా, రవీందర్. ఆ రోజులు లెక్కలోంచి తీసెయ్."

అంత న్యాయమైన మనిషికి నియమాలంటే మాత్రం మహా నమ్మకం. హాజరు తగ్గినవాడి తండ్రి స్వయంగా వచ్చి తన ముందు సంతకం పెట్టాలని ఆయన నియమం. తల్లి వస్తే ఎందుకు ఒప్పుకోరని అడిగాను.

"అమ్మలు ఏడుస్తారయ్యా. నేను తట్టుకోలేక సంతకం పెట్టేస్తాను. నాన్ననే రమ్మను."

కాలేజీ పది నుంచి నాలుగు వరకు. ఫస్టు షిఫ్టు వాళ్లు అప్పుడు బాయిలో ఉంటారు. నైట్ షిఫ్టు వాళ్లు అప్పుడే నిద్రపోతుంటారు. సెకండ్ షిఫ్టు వాళ్లు సద్ది కట్టుకుని బయల్దేరే వేళ. తండ్రులు ఎప్పుడు రావాలి? ఈ ప్రశ్న మా స్టాఫ్ రూములో ఎవరికీ తట్టలేదు. పిల్లలకు తట్టింది. జవాబు కూడా వాళ్లే కనిపెట్టుకున్నారు.

కిరాయి బాపు

ఓదేలు కాక బాయిలో దిగిపోయి చాలా ఏళ్లయిన మనిషి. పొడుగ్గా ఉండేవాడు. భుజాన ఎర్ర తువ్వాల, గొంతు ఖంగున మోగేది. పగలంతా కాలేజీ ఎదుటి చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చునేవాడు. ఒకరోజు మా విద్యార్థి తిరుపతికి తండ్రిగా హెచ్ఓడీ గదిలోకి వచ్చాడు. తండ్రులు వచ్చినప్పుడు క్లాసు లెక్చరర్‌గా నేనూ అక్కడే ఉండేవాణ్ణి. వస్తూనే కొడుకు మీద పడ్డాడు.

"ఏందిరా, మీ అవ్వ కడుపు మాడ్చుకొని నీకు ఫీజు కడుతుంటే నువ్వు నాగాలు పెడుతున్నవా? పుస్తకాలు సారుకు ఇచ్చెయ్. రేపటి సంది నాతోని బాయికి రా. తట్ట మొయ్యి. బొగ్గు చెప్తది నీకు చదువంటే ఏందో!"

తిరుపతి తల వంచుకుని నిలబడ్డాడు. కాక చెప్పు మీద చెయ్యి వేశాడు. విశ్వనాథం గారే కుర్చీలోంచి లేచి అడ్డం వెళ్లారు. "వద్దండీ, వద్దు. పెద్ద పిల్లాడు. నేను చూసుకుంటాను కదా" అని బతిమాలి సంతకం తీసుకుని పంపించారు. తర్వాత నాతో అన్నారు, "తండ్రంటే ఆయనయ్యా. మిగతావాళ్లు ఆయన్ని చూసి నేర్చుకోవాలి."

కొన్ని నెలల తర్వాత అదే ఎర్ర తువ్వాల మా ఇంకో విద్యార్థి శ్రీకాంత్‌కు తండ్రిగా వచ్చింది. అప్పటికి కాక గడ్డం పెంచి ఉన్నాడు. నేను గుర్తుపట్టాను, విశ్వనాథం గారు గుర్తుపట్టలేదు. ఆ రోజు గదిలో ఇద్దరు పిల్లలున్నారు. రికార్డు మీద సంతకం కోసం వచ్చిన కుమార్ ఒకడు, శ్రీకాంత్ ఒకడు. కాక సరాసరి కుమార్ చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిరా, మీ అవ్వ కడుపు మాడ్చుకొని..."

కుమార్ కళ్లతోనే శ్రీకాంత్‌ను చూపించాడు. కాక తడబడలేదు. కుమార్‌ను పక్కకు నెట్టి, "వీనితోని తిరిగే నువ్వు చెడిపోయినవురా!" అని శ్రీకాంత్ మీదికి తిరిగాడు. హెచ్ఓడీ గారు రిజిస్టర్ చూసుకుంటున్నారు. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

గేటు దగ్గర కాకను పట్టుకున్నాను.

"కాకా, నీకు ఎంతమంది కొడుకులు?"

"నాకా సారు? ఇద్దరు ఆడబిడ్డలే. పెండ్లిళ్లయి పోయిండ్రు. కొడుకులు మీ కాలేజీల ఉన్నరు."

"కిరాయి ఏం తీసుకుంటావు?"

"చాయ్, రెండు మిర్చీలు. తిట్లు ఎక్కువైతే ఇంకో చాయ్." అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "హెచ్ఓడీ సారుకు చెప్తవా? చెప్తే చెప్పు. కానీ ఈ శ్రీకాంత్ గాని ముచ్చట వేరే. ఆని బాపు సమ్మయ్య బదిలీ వర్కర్."

అప్పటికి బదిలీ వర్కర్ అంటే ఏమిటో నాకు తెలిసింది. పర్మనెంట్ మనిషి రాని రోజున ఆ చోటులో దిగేవాడు. టైముకు మస్టర్ రూము ముందు నిలబడితేనే పని దొరుకుతుంది. ఏడాదిలో కంపెనీ చెప్పినన్ని మస్టర్లు నిండితేనే పర్మనెంట్ అవుతాడు. సమ్మయ్యకు కిందటేడు కామెర్లు వచ్చి మస్టర్లు తక్కువపడ్డాయి. ఈ ఏడు అంచు మీద ఉన్నాడు. ఏడాది ముగిసేదాకా ఒక్క నాగా కూడా పనికిరాదు.

"మరి పిల్లవాడు ఎందుకు నాగాలు పెడుతున్నాడు?"

"బాపు మస్టర్ కోసమే సారు. సమ్మయ్యను కమాన్‌పూర్ అవుతలి బాయికి ఏసిండ్రు. ఫస్టు షిఫ్టుకు పొద్దున బస్సున్నది. సెకండ్ షిఫ్టుకు బస్సు లేదు. ఆయనకు బండి నడుపుడు రాదు. పక్కింటోని టీవీఎస్ మీద పోరడే దించి రావాలె. సెకండ్ షిఫ్టు వారం వచ్చిందంటే పోరనికి మద్యాన్నం ల్యాబు పాయె."

తండ్రి మస్టర్ నిండాలంటే కొడుకు మస్టర్ పోవాలి. కొడుకు మస్టర్ పోయినందుకు సంజాయిషీ చెప్పడానికి వస్తే తండ్రి మస్టర్ పోతుంది. ఈ రెంటి మధ్య రెండు మిర్చీలకు ఓదేలు కాక నిలబడ్డాడు. నేను హెచ్ఓడీ గారికి చెప్పలేదు.

కార్డు మీద పేరు

ఆ సెమిస్టర్ చివర శ్రీకాంత్ హాజరు కండోనేషన్ గీత దగ్గర ఆగింది. హెచ్ఓడీ సిఫారసు చేస్తే పరీక్ష రాస్తాడు. లేకపోతే డిటెయిన్, జూనియర్లతో కలిసి ఏడాది మళ్లీ చదవాలి. సరిగ్గా అప్పుడే వేరే బ్రాంచిలో ఒకడి మేనమామ తండ్రిగా సంతకం పెట్టి వెళ్లాడు. అసలు తండ్రికి తెలిసి, కాలేజీకి వచ్చి రభస చేశాడు. దాంతో కండోనేషన్‌కు తండ్రి తన గుర్తింపు కార్డుతో రావాలని ప్రిన్సిపాల్ నోటీసు పెట్టారు.

జాబితా పంపే చివరి రోజు వచ్చింది. ఆ వారం సమ్మయ్యది ఫస్టు షిఫ్టు. పొద్దున వెళితే బాయిలోంచి పైకి వచ్చేది మూడు దాటాకే. మధ్యాహ్నం ఓదేలు కాక హెచ్ఓడీ గదిలోకి వచ్చాడు. ఈసారి అరవలేదు. శ్రీకాంత్ తలుపు బయట నిలబడ్డాడు.

"కూర్చోండి" అన్నారు విశ్వనాథం గారు మర్యాదగా. "కార్డు తెచ్చారా?"

"తెచ్చిన సారు. కానీ దాని మీద పేరు ఓదేలు అని ఉంటది."

"అబ్బాయి తండ్రి పేరు సమ్మయ్య కదా?"

"అవు సారు. నేను ఆని బాపును కాను."

విశ్వనాథం గారు కళ్లజోడు తీశారు. "మరి ఇక్కడ నిలబడి ఆ అబ్బాయిని చంపినంత పని చేసింది ఎవరు?"

"నేనే. కిరాయికి."

విశ్వనాథం గారి ముఖం ఎర్రబడింది. నేను చూసినంతలో ఆయనకు అంత కోపం రావడం అదే మొదటిసారి.

"రవీందర్, డిటెన్షన్ లిస్టులో ఆ అబ్బాయి పేరు రాయి. ఇది హాజరు తక్కువ కాదు, మోసం."

కాక లేచి నిలబడ్డాడు. "మోసం నాది సారు. నన్ను ఏమన్నా అను, ఠాణాకు పంపుమంటే పోత. పోరన్ని డిటెయిన్ చెయ్యకు. ఆని బాపును ఇయ్యాల నేను తోలుకరాలేక కాదు. తోలుకస్తే ఆయన మస్టర్ పోతది. ఈ ఒక్క ఏడు ఒడ్డెక్కితే ఆయన పర్మనెంట్ అయితడు."

"మస్టర్ పోతే ఏమిటి? ఒక్కరోజే కదా!"

ఆయన నిజంగానే అడిగారు. మా మధ్య అన్నేళ్లు ఉండి, రోజూ ఆ మాట వింటూ, దాని వెనక ఏముందో ఎవరినీ అడగలేదు. మేమూ చెప్పలేదు. నేను అప్పుడు మొత్తం చెప్పాను. బదిలీ వర్కర్ సంగతి, కామెర్లు, టీవీఎస్, మధ్యాహ్నం ల్యాబులు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విని గడియారం చూశారు.

"ఆయన రాలేడు. సరే. మనం వెళ్లకూడదని ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు సార్."

"అయితే బండి తియ్యి."

షిఫ్టు మారే వేళ

నా బజాజ్ చేతక్ మీద ఆయన ఒక చేత్తో ఫారం, ఒక చేత్తో నా భుజం పట్టుకుని కూర్చున్నారు. ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు, బొగ్గు లారీలు, రోడ్డు మీద నల్లటి దుమ్ము. కమాన్‌పూర్ దాటాక నా చెవి దగ్గర అడిగారు.

"రవీందర్, ఆ ఎర్ర తువ్వాల ఆయన... తిరుపతి తండ్రి కూడా ఆయనేనా?"

"అవును సార్."

మరి కొంత దూరం పోయాక, "అప్పుడు గడ్డం లేదు" అన్నారు.

బాయి గేటు దగ్గర కాపలాదారుకు చెప్పి క్యాంటీన్ అరుగు మీద కూర్చున్నాం. సైరన్ మోగింది. కాసేపటికి మనుషులు పైకి రావడం మొదలైంది. టోపీ లైట్లు అప్పగించి గుంపులు గుంపులుగా వస్తున్నారు. అందరి ముఖాలూ ఒకేలా నల్లగా ఉన్నాయి. విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు, చివరిదాకా కూర్చోలేదు.

"సమ్మయ్య గారు ఎవరండీ?"

ముగ్గురు ఆగారు. వెనక నుంచి ఎవరో, "గారు అంటే మన సమ్మయ్య కాదురా, ఆఫీసుల సమ్మయ్యేమో!" అన్నాడు. గుంపు నవ్వింది.

"డిప్లొమా చదివే శ్రీకాంత్ వాళ్ల నాన్నగారు" అన్నాను నేను.

ముగ్గురిలో సన్నగా ఉన్న మనిషి నవ్వు ఆపేసి పరుగులాంటి నడకతో వచ్చాడు. "నేనే సారు. మా పోరనికి ఏమన్న అయిందా? బండి మీదికెల్లి పడ్డడా?"

బాయి నుంచి ఇంటికి మనిషి వస్తే ఆడవాళ్లు భయపడతారని తెలుసు. ఇంటి వైపు నుంచి బాయికి మనిషి వచ్చినా అంతే భయమని అప్పుడు తెలిసింది. ఏమీ కాలేదని నమ్మించడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత విశ్వనాథం గారు హాజరు సంగతి చెప్పారు.

"మద్యాన్నం కాలేజే ఉండదన్నడు సారు!" అన్నాడు సమ్మయ్య. "ఒక్క పూటే అని చెప్పిండు. ఖాళీగనే ఉంటడు కదా అని నన్ను దించుమన్న. నాకేం ఎరుక? ఇగ సెకండ్ షిఫ్టుకు నడిచి వస్త. పొద్దున బయల్దేరుత. ఆని చదువు చెడగొట్టకుండ్రి."

"నడవద్దు" అన్నారు విశ్వనాథం గారు. "ల్యాబులు మధ్యాహ్నమే ఉండాలని ఏమీ లేదు. పొద్దుటికి మారుస్తాను. మిమ్మల్ని దించి వచ్చేసరికి ఒక్క పీరియడ్ పోతుంది, అంతే కదా? ఆ పాఠం రవీందర్ విడిగా చెబుతాడు."

నన్ను అడగలేదు. అడిగినా అదే చెప్పేవాణ్ణి.

సమ్మయ్య తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తువ్వాల నల్లబడింది గాని చేతులు తెల్లబడలేదు. "పెన్ను ఖరాబైతది సారు" అన్నాడు. "కానివ్వండి" అని ఆయన తన పెన్ను ఇచ్చారు. సమ్మయ్య జేబులోంచి కార్డు తీసి చూపించి, అక్షరం అక్షరం పేర్చుకుంటూ సంతకం పెట్టాడు. ఫారం మీద బొటనవేలి మరక పడింది. విశ్వనాథం గారు దాని కింద "తండ్రిని స్వయంగా కలిశాను" అని రాసి సంతకం చేశారు.

మేము తిరిగి వచ్చేసరికి ప్రిన్సిపాల్ కారు ఎక్కబోతున్నారు. ఫారం చూసి, "ఈ మరకేమిటి? తండ్రి వచ్చాడా? ఎక్కడ కలిశారు?" అని అడిగారు.

"ఆయన ఆఫీసులో" అన్నారు విశ్వనాథం గారు.

శ్రీకాంత్ పరీక్ష రాశాడు. మంచి మార్కులేం రాలేదు. గణితం టబ్బు ఒకటి మిగిలింది. కానీ డిటెయిన్ కాలేదు.

తర్వాత మారినవి

ల్యాబులు పొద్దుటికి మారాయి. మొదట్లో మెకానికల్ వాళ్లు గొణిగారు. తర్వాత వాళ్లూ మార్చుకున్నారు, ఎందుకంటే శ్రీకాంత్ లాంటివాళ్లు వాళ్ల దగ్గరా ఉన్నారు. ఎవరూ అడగలేదు గనక తెలియలేదు, అంతే.

హాజరు తగ్గినవాళ్ల తండ్రులను పిలవడం మానేశాం. మేమే షిఫ్టు మారే వేళ బాయిల దగ్గరికి వెళ్లేవాళ్లం. మధ్యాహ్నం నేనూ విశ్వనాథం గారూ చేతక్ మీద బయల్దేరుతుంటే పిల్లలు మేడ మీద నుంచి అరిచేవాళ్లు: "సార్లకు సెకండ్ షిఫ్టు పడ్డదిరో!" ఆయన చెయ్యి ఊపేవారు. ఓదేలు కాకకు గిరాకీ పోయింది. విశ్వనాథం గారే కబురు పెట్టి పిలిపించారు. ఏ తండ్రి ఏ బాయిలో, ఈ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో కాకకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ కబురు తెచ్చే పని ఆయనకు అప్పగించారు. "కిరాయి ఉండదు, చాయ్ ఉంటుంది" అన్నారు. "మిర్చీలు?" అన్నాడు కాక. మిర్చీలు కూడా ఒప్పుకున్నారు.

రజితా, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన కాలేజీల్లో హాజరు నియమాలన్నీ పది నుంచి నాలుగు వరకు మనుషులు ఖాళీగా ఉంటారనుకుని రాసినవి. నువ్వు పనిచేసే ఊళ్లో ఎవరు ఏ వేళకు ఖాళీగా ఉంటారో తెలుసుకున్నాక మాత్రమే ఎవరినైనా రమ్మని పిలువు. అబద్ధం చెప్పిన పిల్లవాణ్ణి తిట్టు, తప్పు లేదు. విశ్వనాథం గారు శ్రీకాంత్‌ను గదిలో కూర్చోబెట్టి బాగానే తిట్టారు, తండ్రికి అబద్ధం చెప్పినందుకు. కానీ ముందు బాయికి వెళ్లి వచ్చారు, తర్వాత తిట్టారు. ఆ వరుస తప్పకు.

ఇంకొకటి. ఆ ఉద్యోగంలో నాకు జీతం ఎన్నిసార్లు ఆలస్యమైందో ఇప్పుడు గుర్తు లేదు. పొద్దుటి ల్యాబులో మోటార్లు ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టినప్పుడు వచ్చే చప్పుడు గుర్తుంది. నా వర్క్‌షాపులోనూ మోటార్లు తిరుగుతాయి. చుట్టూ ఇరవైమంది నిలబడి, ఎవరి మీటరు సరిగా చూపిస్తోందో అని కొట్లాడుకోరు. ఆ లోటు నాకు ఉంది.

లీవు

మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం, నేను హెచ్ఓడీ గదిలో ఉండగా సమ్మయ్య వచ్చాడు. అట్ట మడతలు కూడా పోని కొత్త తెల్లచొక్కా. స్నానం చేసి తల దువ్వుకుని ఉన్నాడు. మేమిద్దరం వెంటనే గుర్తుపట్టలేదు.

"సమ్మయ్యను సారు. శ్రీకాంత్ బాపును."

విశ్వనాథం గారు కంగారుపడ్డారు. "మీరెందుకు వచ్చారు? మస్టర్ పోతుంది కదా! హాజరు బాగానే ఉంది అబ్బాయిది. ఏదైనా సంతకమా?"

"సంతకం ఏం లేదు సారు. పర్మనెంట్ అయిన. ఇయ్యాల నాగా కాదు, లీవు. మొదటి లీవు."

ఆయన లేచి సమ్మయ్య రెండు చేతులూ పట్టుకున్నారు. "మంచి మాట చెప్పారు. మరి లీవు పెట్టుకుని ఇంట్లో విశ్రాంతి తీసుకోకుండా..."

"కాలేజీ ఎట్లుంటదో సూద్దామని వచ్చిన" అన్నాడు సమ్మయ్య. "పోరన్ని ఇన్నేండ్ల సంది పంపుతున్న. లోపలికి ఎన్నడు రాలే."

అది నా పీరియడ్. వెంట తీసుకువెళ్లాను. చివరి బెంచీలో చోటు చూపించాను. క్లాసంతా వెనక్కి తిరిగింది. శ్రీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెనక్కి వెళ్లి మెల్లగా, "బాపూ, నువ్వు ఇంటికి పో. నేను జల్ది వస్త" అన్నాడు.

"పోను" అన్నాడు సమ్మయ్య. "నువ్వు పోయి రాసుకో."

ఆ రోజు ఇండక్షన్ మోటారు చెప్పాను. నేను బోర్డు వైపు తిరిగినప్పుడు ఆయన బోర్డును చూసేవాడు, పిల్లల వైపు తిరిగినప్పుడు కొడుకు వీపును చూసేవాడు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, ఒక్కసారి కూడా వెనక్కి ఆనుకోలేదు. గంట కొట్టారు. పిల్లలు బిలబిలా బయటికి పోయారు. శ్రీకాంత్ తలుపు దగ్గర తండ్రి కోసం ఆగాడు.

సమ్మయ్య కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"అయిపోయిందా సారు?"

"నాది అయిపోయింది. ఇంకో పీరియడ్ ఉంది. గణితం."

సమ్మయ్య కాళ్లు బెంచీ కిందికి సర్దుకున్నాడు. "అయితే కూసుంట" అన్నాడు.